పీట తీస్తే బొటనవ్రేలు నిలుస్తుందా?

ముగ్గు వేసే చేతిని ఎప్పుడైనా పరీక్షగా చూశారా? పిండిని వ్రేళ్ళమధ్య పట్టి, సన్నని ధారగా వదలడంలో పెత్తనమంతా బొటనవ్రేలిదే. మిగిలిన నాలుగూ ఒక వరుసలో నిలబడితే ఇది ఒక్కటీ వాటికి ఎదురుగా వచ్చి నిలుస్తుంది. ద్రోణాచార్యులవారు ఏకలవ్యుణ్ణి ఏ వ్రేలు అడగాలో బాగా తెలిసే అడిగారు. నలభై, యాభై ఏళ్ళు దాటినవారిలో చాలామందికి ఆ వ్రేలి మొదట్లో, మణికట్టును ఆనుకొని వుండే కీలులో నొప్పి పుడుతుంది. మగవాళ్ళకూ వస్తుంది గాని ఆడవాళ్ళకే ఎక్కువ.

మన చేతిలో మొత్తం 27 ఎముకలున్నాయి. అందులో 8 చిన్న చిన్న గులకరాళ్ళలాగా రెండు వరుసలు తీరి మణికట్టులో ఇమిడి వుంటాయి. బొటనవ్రేలి అడుగున వుండేదాని పేరు ట్రపీజియం. గ్రీకు భాషలో చిన్న బల్ల అని అర్థమట. మన ఇళ్ళలో అయితే పీట అనేవాళ్ళం. (తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి గనక పేరు కనిపించిన చోటల్లా ఆగిపోతూ వుంటాను, మన్నించాలి.) ఈ పీటా, దానిమీద కూర్చునే ఎముకా గుర్రపు జీనుల్లాగా ఒకదానిలో ఒకటి ఒదిగి వుంటాయి. అందుకే ఆ వ్రేలు అన్ని వైపులకూ తిరుగుతుంది. తిరిగినకొద్దీ అరుగుతుంది కూడాను. వ్రేలి కొసతో 1 కిలో బలంతో నొక్కి పట్టుకుంటే, ఈ కీలు మీద పడే ఒత్తిడి సుమారు 12 కిలోలని శాస్త్రజ్ఞులు లెక్క కట్టారు. పట్టకారుతో అన్నపు గిన్నె దించేటప్పుడు ఎంత పడుతుందో మీరే వేసుకోండి. కొన్నేళ్ళకు ఎముకల చివర్లనుండే నున్నటి పొర అరిగిపోయి, ఎముకా ఎముకా ఒరుసుకుంటాయి.

మా వదినగారికి అదే వచ్చింది. మొదట ఆవకాయ జాడీ మూత రాలేదు. తర్వాత తాళంచెవి తిరగలేదు. ఆ తర్వాత జాకెట్టు హుక్కులు పెట్టుకోవడానికి కోడల్ని పిలవవలసివచ్చింది. నొప్పి సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఒకనాడు పట్టకారు జారి మరిగే పాలు పాదాలమీద పడితేగాని మా అన్నయ్యకు తెలియలేదు. ఇంట్లో నలుగురూ చూస్తూండగానే ఒక మనిషి ఒక చేతిని కోల్పోతూ వుండడం, ఎవరి కంటా పడకపోవడం వింత కాదూ?

డాక్టరుగారు ఎక్సురే ప్రక్కన పెట్టి, "అమ్మా, మీరు చెయ్యలేకపోతున్న పనులేమిటో చెప్పండి" అన్నారు. ఆ ప్రశ్న నాకు నచ్చింది. ఎక్సురేలో కీలు పూర్తిగా అరిగినట్లున్నా నొప్పి అంతగా లేనివాళ్ళుంటారు. కొద్ది అరుగుదలకే విలవిల్లాడేవాళ్ళూ వుంటారు. ఎక్సురే ఒక్కటి చూసి కత్తి పట్టడం తగదు. వదినగారు కాస్సేపు ఆలోచించి, "ముగ్గు వెయ్యలేకపోతున్నానండీ" అన్నారు.

కత్తికి ముందు వేరే మెట్లున్నాయి. వ్రేలు కదలకుండా పట్టీ, పైన రాసుకునే మందు, కీలులోకి స్టెరాయిడ్ ఇంజక్షను. మొదటి ఇంజక్షనుతో మూడు నెలలు హాయిగా వున్నారు. రెండోది మూడు వారాలు కూడా పని చెయ్యలేదు. అప్పుడు ఆపరేషను మాట వచ్చింది. ఆపరేషనంటే ఆ పీటను పూర్తిగా తీసివెయ్యడమే!

"ఎముక తీసేస్తే వ్రేలు ఊగిపోదూ?" అన్నాడు అన్నయ్య.

అడగదగ్గ ప్రశ్నే. వైద్యులూ అదే అడుక్కున్నారు. 1949లో ఇంగ్లండులో జర్విస్ అనే సర్జను ఈ ఎముకను తీసివేసే పద్ధతిని ప్రకటించాడు. ఖాళీ అయిన చోట క్రమంగా గట్టి కండ అల్లుకుంటుంది, వ్రేలు నిలుస్తుంది. అయినా వ్రేలు క్రిందికి దిగుతుందేమోనన్న అనుమానం పోలేదు. అమెరికాలో స్వాన్సన్ సిలికోను తునక తయారుచేసి అక్కడ పెట్టాడు. కొందరిలో అది చోటు తప్పింది. కొందరిలో అరిగి, ఆ పొడి చుట్టుప్రక్కల వాపు తెచ్చింది. 1986లో బర్టన్, పెలెగ్రీనీ అనే ఇద్దరు ముంజేతిలోని ఒక స్నాయువును మలిచి వ్రేలికి కట్టుగా వేసి, మిగిలినదాన్ని చుట్టి ఖాళీలో కూరే పద్ధతి చెప్పారు. అది ఇప్పటికీ చాలాచోట్ల చేస్తున్నారు. తీరా ఈ పద్ధతులన్నిటినీ ప్రక్కప్రక్కన పెట్టి పరీక్షిస్తే, నొప్పి తగ్గడంలోగాని, బలం రావడంలోగాని ఉత్త ఎముక తీసివెయ్యడంకన్నా మరొకటి మేలని తేలలేదు. అంచేత మీ డాక్టరుగారు ఏ పద్ధతి చేస్తామన్నా, అదే ఎందుకని అడగండి. మంచి డాక్టరు విసుక్కోడు.

చెయ్యి మాత్రం మొద్దుబారేలా మత్తు ఇస్తారు. చాలామంది ఆనాడో మర్నాడో ఇంటికి వచ్చేస్తారు. అసలు చిక్కు ఆ తర్వాత! 4 నుంచి 6 వారాలు కట్టు. అది కుడిచెయ్యి, ఆమె ఇంటి ఇల్లాలు. మా అన్నయ్య అరవైమూడో ఏట కుక్కరు మూత పెట్టడం నేర్చుకున్నాడు. కట్టు విప్పాక వ్యాయామం. పనికి అక్కరకు రావడానికి 3 నుంచి 6 నెలలు, పూర్తి బలానికి ఏడాది. కొందరికి బొటనవ్రేలి వెనకవైపు చర్మం తిమ్మిరిగా వుండిపోతుంది. అరుదుగా చెయ్యంతా వాచి, మంట పుట్టి, నెలల తరబడి బిగుసుకుపోవడమూ కద్దు. నొప్పి పూర్తిగా పోనివారూ వుంటారు. ఇవన్నీ ముందే చెప్పారు గనక వదినగారు తేదీ తామే నిర్ణయించుకున్నారు, సంక్రాంతి వెళ్ళాక అని.

మరుసటి సంక్రాంతికి ముగ్గు వేశారు. గీత మునుపటంత సన్నగా రావడం లేదని ఆమే అంటారు. జాడీ మూత ఇప్పటికీ అన్నయ్యే తీస్తున్నాడు.

అయితే చేతినొప్పి అంతా ఇదే అనుకోకూడదు. రాత్రివేళ వ్రేళ్ళు తిమ్మిరెక్కితే అది మణికట్టులో నరం నలిగే జబ్బు కావచ్చు. రెండు చేతుల్లో పలు కీళ్ళు వాచి, ప్రొద్దున్నే బిగుసుకుపోతుంటే అది వేరే వాతం. దానికి ముందు మందులే. బరువు పనిచేసే యువకుడికి బొటనవ్రేలి కీలే అరిగితే, ఎముక తీయకుండా రెండింటినీ అతికించడమూ వుంది. పట్టు గట్టిగా వుంటుంది, అరచెయ్యి మాత్రం బల్లమీద చదునుగా ఆనదు.

మణికట్టే పూర్తిగా పాడైతే దాన్నీ పలకతో అతికించేస్తారు. నొప్పి తగ్గుతుంది, మణికట్టు ఇక వంగదు. అరచెయ్యి పైకీ క్రిందికీ తిప్పడం మాత్రం ముంజేతి ఎముకల పని గనక అది మిగులుతుంది. ఆ బ్రతుకు ఎలా వుంటుందో తెలియడానికి కొందరు సర్జన్లు ముందుగా కొన్నాళ్ళు మణికట్టును కదలకుండా బిగించి వుంచుతారు. ఆ కట్టుతోనే అన్నం కలుపుకొని, తల దువ్వుకొని, బస్సెక్కి చూసుకొని, అప్పుడు సరేననవచ్చు, వద్దనవచ్చు.