స్క్రూలది ఊతమే.. అతికేది ఎముకే!
వెన్నుపూసల శస్త్రచికిత్సలో ఏ ఎముక వాడతారు?

వెన్నుపూస పక్కకు జారినా, క్షయ సోకి కుంగినా, ప్రమాదంలో విరిగినా కొందరికి రెండు, మూడు పూసలను ఒకటిగా అతికించవలసి వస్తుంది. ఈ శస్త్రచికిత్సనే స్పైనల్ ఫ్యూజన్ అంటారు. టైటానియం స్క్రూలు, రాడ్లు బిగించగానే పని పూర్తయినట్లేనని చాలామంది భావిస్తారు. నిజానికి అవి తాత్కాలిక ఊతం మాత్రమే. పూసల నడుమ కొత్త ఎముక పెరిగి గట్టిపడితేనే ఫలితం నిలుస్తుంది. ఇందుకు నెలలు పడుతుంది. ఎముక అతకకపోతే స్క్రూలు వదులు కావచ్చు, రాడ్లు విరగవచ్చు. మళ్లీ శస్త్రచికిత్స తప్పకపోవచ్చు. అందుకే పూసల మధ్య ఉంచే పదార్థం కీలకం.

సొంత ఎముకే కొలమానం
1911లో న్యూయార్క్‌లో రస్సెల్ హిబ్స్, ఫ్రెడ్ ఆల్బీ వేర్వేరుగా ఈ పద్ధతికి నాంది పలికారు. వెన్నెముక క్షయ రోగులకు ఆల్బీ వారి కాలి ఎముక ముక్కనే వెన్నులో అమర్చారు. ఇతర పదార్థాలను నేటికీ రోగి సొంత ఎముకతోనే పోల్చి చూస్తారు. ఎముకను నిర్మించే సజీవ కణాలు, వాటిని ప్రేరేపించే ప్రోటీన్లు, పెరుగుదలకు ఆధారమయ్యే చట్రం.. మూడూ అందులోనే ఉంటాయి. సాధారణంగా దీనిని తుంటి ఎముక పైఅంచు నుంచి తీస్తారు. అక్కడ మరో గాయమై, కొందరిని నొప్పి చాలాకాలం బాధిస్తుంది. నరంపై ఒత్తిడి తగ్గించేందుకు తొలగించిన పూస భాగాన్నే ముక్కలు చేసి వాడితే ఈ ఇబ్బంది ఉండదు. అయితే అది అన్నిసార్లూ సరిపోదు.

దాతల ఎముక
మరణించినవారి నుంచి, తుంటి కీలు మార్పిడి చేయించుకున్నవారి నుంచి సేకరించిన ఎముకను శుద్ధి చేసి భద్రపరుస్తారు. ముంబయిలోని టాటా మెమోరియల్ ఆస్పత్రిలో 1988 నుంచి టిష్యూ బ్యాంకు ఉంది. శుద్ధిలో సజీవ కణాలు నశిస్తాయి కనుక ఈ ఎముక ప్రధానంగా చట్రంగానే ఉపకరిస్తుంది. కణాలను సజీవంగా ఉంచిన ఉత్పత్తులూ ఉన్నాయి. 2021లో అమెరికాలో ఒకే దాత నుంచి తయారైన అలాంటి పదార్థాన్ని వంద మందికి పైగా అమర్చగా, పలువురికి క్షయ సోకింది. దాతల పరీక్ష ఎంత ముఖ్యమో ఈ ఘటన చాటింది.

కృత్రిమ పదార్థాలు
హైడ్రాక్సీ అపటైట్, ట్రై కాల్షియం ఫాస్ఫేట్ వంటి సిరామిక్ గుళికలు ప్రధానంగా చట్రాన్నే అందిస్తాయి. వీటిని తరచూ సొంత ఎముకతో కలిపి వాడతారు. ఎముకను పెంచే బీఎంపీ-2 ప్రోటీన్‌ను నడుము పూసల శస్త్రచికిత్సకు అమెరికా 2002లో అనుమతించింది. మెడ భాగంలో వాడితే ప్రాణాపాయం కలిగించే వాపు రావచ్చని 2008లో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థే హెచ్చరించింది.

ముందే అడగాలి
ఖరీదైనదే మేలైనదన్న భావన సరికాదు. ఏ ఎముక వాడుతున్నారు, ఎందుకు, సొంత ఎముక సరిపోదా, ఖర్చెంత అన్నవి శస్త్రచికిత్సకు ముందే వైద్యుణ్ని అడిగి తెలుసుకోవాలి. పొగతాగే అలవాటు, అదుపులో లేని మధుమేహం ఎముక అతుక్కోవడాన్ని దెబ్బతీస్తాయి. ఎంత మంచి పదార్థం అమర్చినా, ఈ రెండింటినీ విస్మరిస్తే ఫలితం దక్కకపోవచ్చు.