బొబ్బిలి కథలు: వృద్ధుల వాక్కు

బొబ్బిలి యుద్ధమును గూర్చి కుటుంబవృద్ధులు చెప్పునవి కట్టుకథలనియు, రాబర్టు ఓర్ము వ్రాసినది చరిత్రమనియు విభజించుట మన పరిశోధకులకు పరిపాటి యైనది. ఈ విభాగము మాకు సమ్మతము కాదు. 1757 జనవరి 24న కోట కూలిన పిదప ఒక వృద్ధుడు బాలునొకని వెంటబెట్టుకొని ఫ్రెంచివారి పక్షమున నున్న లా యెదుటికి వచ్చి, ఇతడు రంగారావు కుమారుడనియు, తండ్రి యిచ్ఛకు విరుద్ధముగా తానే యితని ప్రాణములు నిలిపితిననియు చెప్పినట్లు ఓర్ము వ్రాసెను. ఓర్ము ఆనాడు బొబ్బిలిలో లేడు. ఆ మాట అతనికి పరులవలన అందినదే. వృద్ధుని పేరు మాత్రము అందలేదు. (పేరు జారిపోవుట వృద్ధులకు సామాన్యమే!) ఆ బాలునికైనను తండ్రి కోటలో జరిగినదంతయు తెలియుటకు పెద్దల వాక్కు తప్ప వేరు దారి యేది?

కావున ఆ సీమలో కథలు సేకరించు విద్యార్థి, చెప్పినవారి పేరును వయస్సును, వారెవరివలన వినిరో ఆ వరుసను విధిగా వ్రాసికొనవలెను. జంగముల పాటలో విన్నదియు తాతగారి నోట విన్నదియు ఒకే కథనమున కలసియుండవచ్చును. ఏది యెక్కడ విన్నదో అప్పుడే అడిగి తెలిసికొనవలెను.