తూటా దారిలో ఎక్కడ ఆగింది? పాయింట్ 22 పిస్టల్ మొరాయించడానికి కారణాలేమిటి?

పురుషుల 25 మీటర్ల ర్యాపిడ్ ఫైర్ పిస్టల్ పోటీలో అన్నిటికంటే కఠినమైనది నాలుగు సెకన్ల సిరీస్. ఆ వ్యవధిలో షూటర్ కిందికి దించి ఉంచిన చేతిని పైకెత్తి, పక్కపక్కనే ఉన్న ఐదు లక్ష్యాలపై ఒక్కో తూటా చొప్పున పేల్చాలి. ఒక తూటా పేలాక దాని ఖాళీ తొడుగు బయటపడటం, తర్వాతి తూటా మ్యాగజైన్ నుంచి ఛాంబర్‌లోకి చేరడం రెప్పపాటు కంటే వేగంగా జరిగిపోవాలి. ఐదింటిలో ఒక్కటి దారిలో చిక్కుకున్నా ఆ సిరీస్ అక్కడితో ఆగిపోతుంది.

2012 లండన్ ఒలింపిక్స్‌లో విజయ్ కుమార్ రజతం సాధించింది ఈ విభాగంలోనే. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో హైదరాబాద్ షూటర్ ఈషా సింగ్ మహిళల 25 మీటర్ల పిస్టల్‌లో వ్యక్తిగత రజతంతో పాటు, మను భాకర్, రిథమ్ సాంగ్వాన్‌లతో కలిసి జట్టు స్వర్ణం గెలుచుకున్నారు. ఈ రెండు విభాగాల్లోనూ షూటర్లు వాడేది పాయింట్ 22 సెమీ ఆటోమేటిక్ పిస్టల్. టోక్యో ఒలింపిక్స్‌లో మను భాకర్ పిస్టల్ మొరాయించిన ఉదంతం చాలామందికి గుర్తుండే ఉంటుంది. అయితే అది 10 మీటర్ల ఎయిర్ పిస్టల్. దానిలో ఒక్కో పెల్లెట్‌ను చేత్తోనే పెట్టాలి కాబట్టి, తూటా చిక్కుకుపోవడమనే సమస్యకు తావు లేదు.

తూటా ప్రయాణం

సెమీ ఆటోమేటిక్ పిస్టల్‌లో తూటా పేలినప్పుడు పుట్టే శక్తిలో కొంత భాగం స్లైడ్‌ను వెనక్కి నెడుతుంది. వెనక్కి వెళుతూ స్లైడ్ ఖాళీ తొడుగును లాగి బయట పడేస్తుంది. ఆ తర్వాత స్ప్రింగ్ దాన్ని ముందుకు తోస్తుంది. ముందుకు వచ్చేటప్పుడు అది మ్యాగజైన్‌లో అన్నిటికంటే పైనున్న తూటాను వెనుక నుంచి నెడుతుంది. తూటా ముక్కు ఒక చిన్న వాలు మీదుగా పైకి జారి ఛాంబర్‌లోకి దూరుతుంది. కొన్ని క్రీడా పిస్టళ్లలో స్లైడ్‌కు బదులు లోపల కదిలే బోల్టు ఉంటుంది. పని మాత్రం ఒకటే.

ఈ ప్రయాణంలో పాయింట్ 22 తూటాకు కొన్ని పుట్టుకతో వచ్చిన ఇబ్బందులు ఉన్నాయి. ‘పాయింట్ 22 లాంగ్ రైఫిల్’ అనే ఈ తూటా 1887 నాటిది. సెమీ ఆటోమేటిక్ పిస్టళ్లు వాడుకలోకి రాకముందే రూపుదిద్దుకుంది. దీని అడుగున పళ్లెం అంచులా బయటికి పొడుచుకు వచ్చిన అంచు ఉంటుంది. తూటాను పేల్చే మందు ఆ అంచులోనే ఉంటుంది. మ్యాగజైన్‌లో తూటాలు ఒకదానిపై ఒకటి పేర్చి ఉన్నప్పుడు పై తూటా అంచు కింది తూటా అంచుకు ముందు ఉండాలి. వెనుక పడితే రెండూ ఒకదానికొకటి కొక్కెంలా తగులుకుంటాయి. ఇక స్లైడ్ ఎంత నెట్టినా పై తూటా సాఫీగా కదలదు. మ్యాగజైన్ నింపేటప్పుడు చూపే తొందరే దీనికి చాలాసార్లు కారణం.

రెండో ఇబ్బంది గుండుతో. దాదాపు 2.6 గ్రాముల బరువుండే ఈ గుండు మెత్తటి సీసంతో తయారవుతుంది. పోటీ తూటాల గుండ్లపై మైనం లాంటి పూత ఉంటుంది. ఆ పూత, కాలిన మందు మసి కలిసి ఛాంబర్ అంచుల్లో పేరుకుంటాయి. చలి ఎక్కువైతే పూత బిగుసుకుంటుంది. మెత్తటి సీసం ఎక్కడైనా గట్టిగా తగిలితే సొట్టపడుతుంది. అలా సొట్టపడిన తూటాను మళ్లీ మ్యాగజైన్‌లో పెట్టడమంటే రెండోసారి చిక్కుకోవడానికి దానికి అవకాశం ఇచ్చినట్టే.

ఆగిన చోటే ఆధారం

పిస్టల్ ఆగిపోగానే స్లైడ్ లాగి తూటాను పారేస్తే సమస్య తాత్కాలికంగా తీరుతుంది. కారణం మాత్రం తెలియకుండా పోతుంది. తూటా ఎక్కడ, ఏ భంగిమలో ఆగిందన్నదే అసలైన ఆధారం.

స్లైడ్ పూర్తిగా మూసుకుని, ఛాంబర్ ఖాళీగా ఉంటే స్లైడ్ అసలు తూటాను అందుకోలేదని అర్థం. మ్యాగజైన్ పూర్తిగా లోపలికి వెళ్లకపోయినా, దాని స్ప్రింగ్ బలహీనపడినా తూటా సకాలంలో పైకి రాదు. తూటాలో శక్తి చాలకపోతే స్లైడ్ తగినంత వెనక్కి వెళ్లకుండానే తిరిగి వచ్చేస్తుంది. తూటా ముక్కు కిందికి వంగి వాలు దగ్గర తగిలి ఆగితే మ్యాగజైన్ స్ప్రింగ్‌నో, లోపల తూటాలను పైకి నెట్టే పలకకు అడ్డుపడుతున్న మురికినో అనుమానించాలి. ముక్కు మరీ పైకి లేచి ఆగితే మ్యాగజైన్ పై అంచులు విచ్చుకుని, తూటాను ముందుగానే వదిలేస్తున్నాయేమో చూడాలి. మ్యాగజైన్ ఒక్కసారి గట్టి నేలపై పడినా ఆ అంచులు వంగవచ్చు. ఆ తేడా కంటికి ఆనకపోవచ్చు.

తూటా దాదాపుగా లోపలికి వెళ్లినా స్లైడ్ వెంట్రుకవాసి దూరంలో ఆగిపోతే ఛాంబర్‌ను శుభ్రం చేయాలి. ఈ లక్షణానికి అంతగా ఎవరికీ తట్టని కారణం మరొకటి ఉంది. పాయింట్ 22 పిస్టల్‌లో ఫైరింగ్ పిన్ తూటా అంచుపై కొడుతుంది. తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కితే కొన్ని పిస్టళ్లలో అది నేరుగా ఛాంబర్ అంచుకు తగిలి, అక్కడ చిన్న బొడిపెను లేపుతుంది. ఆ తర్వాత ప్రతి తూటా దాన్ని ఒరుసుకుంటూ వెళ్లాల్సిందే. ఖాళీ పిస్టల్‌తో సాధన చేయడానికి వీలుగా ప్రత్యేక ఏర్పాటు ఉన్న పిస్టళ్లకు ఈ బెడద ఉండదు.

పాత తొడుగు ఛాంబర్‌లోనే మిగిలిపోయి, కొత్త తూటా దాని వెనుక వచ్చి ఇరుక్కోవడం కూడా పైకి ఇలాంటి సమస్యలాగే కనిపిస్తుంది. అక్కడ లోపం తూటాను అందించడంలో లేదు. తొడుగును లాగే కొక్కెం అరిగి ఉండవచ్చు, లేదా మురికి పట్టి ఉండవచ్చు. మ్యాగజైన్లు ఎన్ని మార్చినా ఈ లోపం పోదు.

కారణాన్ని నిర్ధారించుకోవడానికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. మ్యాగజైన్లకు అంకెలు వేసి, ఏది వాడినప్పుడు, ఎన్నో తూటా దగ్గర ఆగిందో రాసుకుంటే చాలు. సమస్య ఎప్పుడూ ఒకే మ్యాగజైన్‌తో వస్తే పిస్టల్‌ను తప్పుపట్టనక్కర్లేదు. ఎప్పుడూ చివరి తూటాయే ఆగితే స్ప్రింగ్ నీరసించిందనుకోవచ్చు. అన్ని మ్యాగజైన్లతోనూ వస్తే తూటాల రకం మార్చి చూడాలి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. మ్యాగజైన్, తూటాలు, స్ప్రింగ్ మూడూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. భారత షూటర్లు పోటీ తూటాల కోసం ఎక్కువగా దిగుమతులపైనే ఆధారపడతారు. అందువల్ల తమ పిస్టల్‌కు ఏ రకం నప్పుతుందో ముందే తెలుసుకోవడం వారికి మరింత అవసరం.

చేయి ఎత్తాలి, తాకకూడదు

సైన్యంలోనూ పోలీసు బలగాల్లోనూ ఆయుధం ఆగిపోతే మ్యాగజైన్‌ను అరచేత్తో తట్టి, స్లైడ్‌ను వెనక్కి లాగి వెంటనే మళ్లీ పేల్చడం నేర్పుతారు. ఎదురుగా శత్రువు ఉన్నప్పుడు అదే సరైన పద్ధతి. అయితే మన అగ్రశ్రేణి షూటర్లలో చాలామంది ఆ బలగాల నుంచి వచ్చినవారే. పోటీలో ఆ అలవాటు వారికే ఎదురు తిరుగుతుంది.

అంతర్జాతీయ షూటింగ్ క్రీడా సమాఖ్య నిబంధనల ప్రకారం పిస్టల్ మొరాయిస్తే షూటర్ దాన్ని లక్ష్యాల వైపే ఉంచి, ఖాళీగా ఉన్న చేతిని పైకెత్తాలి. అధికారి వచ్చి పరిశీలిస్తారు. తూటా పేలకపోవడం, ఖాళీ తొడుగు బయటికి రాకపోవడం, భాగం విరగడం లాంటివి అంగీకరించదగిన లోపాలు. అలాంటప్పుడు నిర్ణీత పరిమితికి లోబడి, విభాగాన్ని బట్టి సిరీస్‌ను పూర్తిచేసే లేదా మళ్లీ కాల్చే అవకాశం దక్కుతుంది. మ్యాగజైన్ సరిగా అమర్చకపోయినా, తక్కువ తూటాలు నింపినా, సేఫ్టీ తీయడం మరిచినా ఆ అవకాశం ఉండదు. కాల్చని తూటాలకు సున్నాయే. అన్నిటికంటే బాధాకరమైనది మరొకటి. లోపం నిజమైనదే అయినా, అధికారి చూడకముందే షూటర్ స్లైడ్‌ను కదిలిస్తే అది అంగీకరించదగని లోపంగా మారిపోతుంది.

భద్రత దృష్ట్యా కూడా ఈ ఆగడం అవసరమే. ట్రిగ్గర్ నొక్కినా పేలని తూటా కొన్నిసార్లు ఆలస్యంగా పేలవచ్చు. అందుకే కనీసం అర నిమిషం పాటు పిస్టల్‌ను లక్ష్యాల వైపే ఉంచాలి. పేలిన శబ్దం మామూలు కంటే బలహీనంగా వినిపిస్తే గుండు బ్యారెల్‌లోనే ఉండిపోయి ఉండవచ్చు. ఆ స్థితిలో మరో తూటా పేలిస్తే బ్యారెల్ ఉబ్బిపోయే, పగిలిపోయే ప్రమాదం ఉంది.

శుభ్రం చేయడం, మ్యాగజైన్ మార్చడం వరకు షూటర్ చేసుకోగలిగిన పనులే. వాలును అరగదీయడం, కొక్కెం సరిచేయడం నిపుణులకు వదిలేయాలి. 1959 ఆయుధాల చట్టం ఐదో సెక్షన్ ప్రకారం తుపాకులు మరమ్మతు చేసేవారికి కూడా లైసెన్సు ఉండాలి. లోహపు పని ఎంత బాగా తెలిసినా, లైసెన్సు లేని వ్యక్తికి పిస్టల్ అప్పగించకూడదు.