విదూషక మత్స్యమును సముద్రపుష్పమును

తొమ్మిదవ తరగతిలో జీవుల పరస్పరోపకారమును గూర్చి మేము పాఠము చెప్పుచు, విషపు తీగల నడుమ నిశ్చింతగా నిలిచిన చిన్న చేప పటమును చూపితిమి. అంతట నొక బాలుడు లేచి, "అయ్యా, ముండ్లకంపలో కాపురమున్నవానికి ముండ్లు గ్రుచ్చుకొనవా?" అని యడిగెను. గంట మ్రోగులోపల చెప్పగలిగినది కొంచెమే. తక్కినది ఇచట వ్రాయుచున్నాము.

ఆ చేపను ఆంగ్లమున క్లౌన్ ఫిష్, అనగా విదూషక మత్స్య మందురు. వీనిలో సుమారు 30 జాతులు గలవు. ఇవి హిందూ, పసిఫిక్ మహాసముద్రముల వెచ్చని నీటిలోనే యుండును. మన అండమాను దీవుల పగడపు దిబ్బలయందును గలవు.

సముద్రపుష్పము పేరునకు పుష్పమేగాని నిజముగా జంతువు. రాతి నంటుకొని, నోటిచుట్టు వ్రేళ్లవంటి తీగలను చాచుకొని యుండును. తీగలలోని సూక్ష్మమైన విషపుసూదులు తాకిన చిన్న ప్రాణిని పొడిచి చచ్చుపరచును. సముద్రపుష్పములు వేయికి పైబడిన జాతులున్నను, ఈ చేపల కాశ్రయ మిచ్చునవి సుమారు 10 మాత్రమే. 1868లో కాలింగ్‌వుడ్ అను ఆంగ్లేయుడు చైనా సముద్రమున ఈ సహవాసమును చూచి ప్రకటించెను.

ఇక బాలుని ప్రశ్నకు సమాధానము. ఈ చేప యొడలిమీది జిగురు ఆ సూదులను రేపదు. అయినను పెక్కు చేపలు క్రొత్త యింటిలో నొక్కసారిగా జొరబడవు. ముందు తోకతోను రెక్కతోను మెల్లగా తాకి, పిదప ప్రవేశించును.

చేపకు రక్షణ దొరకుచున్నది. మరి పుష్పమునకేమి లాభము? దాని తీగలను కొరుకవచ్చు చేపలను ఈ చిన్న చేప తరిమివేయును. చేప విసర్జించు మలినములు పుష్పములో నివసించు సూక్ష్మమైన నాచునకు ఎరువగును. ఆ నాచు ఎండలో తయారుచేసిన యాహారమున పుష్పమునకు పాలిచ్చును. రాత్రివేళ చేప కదలికచే నీరు చలించి, పుష్పమునకు ప్రాణవాయువు చక్కగా అందును.

వీని కుటుంబము విచిత్రమైనది. అన్నిటికంటె పెద్దది ఆడుది, రెండవది మగది, తక్కినవి పిన్నలు. ఆడుది చనిపోయినచో మగదియే ఆడుదిగా మారును. పిన్నలలో పెద్దది మగదియగును. పుష్పము ప్రక్కన రాతిమీద పెట్టిన గ్రుడ్లను ముఖ్యముగా తండ్రియే కాచి, రెక్కలతో విసరును.

మరునాడు ఆ బాలుడే మరల లేచి, "ఆ యిల్లు పాడైనచో చేప యేమగును?" అని యడిగెను. ఈ ప్రశ్న మమ్ము కొంతసేపు మౌనముగా నిలిపినది. సముద్రము మితిమీరి వేడెక్కినపుడు నాచు వెలివడి, పుష్పము తెల్లబారును. 2016లో మూరియా దీవియొద్ద అట్లు తెల్లబారిన పుష్పములలో కాపురమున్న చేపలు పెట్టిన గ్రుడ్లు 73 శాతము తగ్గినవి. చేప బ్రతికియే యున్నది. దాని సంతతియే క్షీణించినది.

విద్యార్థులారా, మొదటి ప్రశ్నకు జిగురు సమాధానము చెప్పినది. రెండవ ప్రశ్నకు సమాధానము చేపవలనను గాదు, పుష్పమువలనను గాదు. సముద్రమును వేడిచేయుచున్న మానవులమైన మనమే చెప్పవలసియున్నది.