చీకటి చేప జెల్ల

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి బస్సులో పోయే మిత్రులకు దారిలో చెరువు కట్టలు కొత్త కాదు. ఆ కట్టలకు నీటి వైపున పేర్చిన రాళ్ళ సందుల్లో పగలంతా నక్కి, పొద్దుగూకినాక మేతకు బయలుదేరే చిన్న చేప ఒకటి కలదు. అదే జెల్ల. పులుసులోకి వస్తే తప్ప దాని సంగతి మనకెవరికీ పట్టదు గదా!

సముద్రంలోనూ దీని తీరునే బతికే చేపలున్నవి. లక్షద్వీప్ పగడపు దిబ్బల్లో ఉండే కార్డినల్ చేపలు వేలెడంతే ఉంటాయి. పగలు పగడాల సందుల్లో దాక్కొని, రాత్రి బయటికొచ్చి నీళ్ళలో తేలాడే సన్న జీవాలను ఏరుకు తింటాయి. వీటిలో మగ చేపే గుడ్లను నోట్లో పెట్టుకొని పొదుగుతుంది. (మగ మిత్రులు గమనించగలరు!)

మరి చీకట్లో మేత ఎట్లా దొరుకుతుంది? కార్డినల్ చేపకు తలలో సగం కళ్ళేనా అన్నంత పెద్ద కళ్ళు. పగడం తేటనీళ్ళలోనే పెరుగుతుంది కనుక వెన్నెల కూడా లోపలికి దిగుతుంది. ఆ కాస్త వెలుగే దానికి చాలు. గోదావరి, కృష్ణ ఒండ్రు కలిసే మన తీరంలో పగడపు దిబ్బలు పెరగకపోవడానికి కారణం కూడా ఈ తేటనీళ్ళ పట్టింపే.

మన చెరువు నీళ్ళా, వానాకాలం వస్తే చాయ రంగు! అక్కడ కన్ను ఎంత పెద్దదైనా దండగే. అందుకే జెల్లకు నాలుగు జతల మీసాలు. అవి ఉత్త మీసాలు కావు, బయటికి వచ్చిన నాలుకలనవచ్చు. బురదను తడుముతూనే పురుగేదో, పుల్లేదో రుచి చూసి తేలుస్తాయి. ఒంటికి పొలుసు లేదు. దానికి బదులు వీపున ఒక ముల్లు, రెండు పక్కల రెండు ముళ్ళు. లేపిన ముల్లు మొదట్లో బిగుసుకుపోతుంది, మింగబోయిన కొంగకు గొంతులో అడ్డం పడుతుంది. చేపలు కడిగే మా అమ్మ ముందు ఆ ముళ్ళనే విరిచేది.

2016 నుంచి సర్కారు చెరువుల్లో బొచ్చె, రోహు పిల్లలను ఉచితంగా వదిలింది. మంచిదే. జెల్లను మాత్రం ఎవరూ వదలరు, వరదతో అదే వస్తుంది. దానికి కావలసింది రాళ్ళ సందు, కాస్త నాచు. కట్టకు సందు లేకుండా సిమెంటు పూస్తే బలమే కావచ్చు, జెల్లకు ఇల్లు పోతుంది. ఇక 2000లో నిషేధించినా దొంగచాటుగా పెంచుతున్న ఆఫ్రికా మార్పు చెరువులో పడిందా, అదీ మీసాలదే, అదీ రాత్రి తిరిగేదే. జెల్ల దాక్కున్న సందు దానికీ తెలుసు.