ప్యాడ్లు వేయిస్తే డిస్కులూ వేయించాలా?

క్యాబ్ నడిపేవాళ్లలో, సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాళ్లలో ఒక మాట బాగా పాతుకుపోయింది. బ్రేక్ ప్యాడ్లు మారిస్తే డిస్కులు కూడా మార్చి తీరాలట, లేకపోతే కొత్త ప్యాడ్లు నెల తిరక్కుండా పోతాయట. ఇది తప్పు. పైగా ఈ తప్పు వల్ల జరుగుతున్న నష్టం చూస్తుంటే ఒళ్లు మండుతుంది. చిన్న కారు ముందు ప్యాడ్లకు వెయ్యో, రెండు వేలో ఎలాగోలా సర్దుకునే మనిషి, డిస్కులతో కలిపి దానికి మూడింతలు అనేసరికి వెనక్కి తగ్గుతాడు. ఈఎంఐ కట్టాక చూద్దాం, పండగ పోయాక చూద్దాం అనుకుంటూ అదే బండి మీద తిరుగుతాడు. ఈలోగా ప్యాడ్ మీద రాసుకునే పొర పూర్తిగా అరిగిపోయి, వెనకున్న ఇనుప పలక డిస్కును గీకడం మొదలుపెడుతుంది. అప్పుడు డిస్కు నిజంగానే పోతుంది, ఖర్చు తడిసి మోపెడవుతుంది. ప్యాడ్లు ఒక్కటే వేయించుకుని ఉంటే నిలిచే డిస్కును ఆ మాటే తినేసింది. అతనేమో ‘చూశావా, డిస్కులు కూడా మార్చాల్సే వచ్చింది’ అని ఇంకో నలుగురికి చెబుతాడు.

హైదరాబాద్‌లో ఒక షెడ్డులో సరిగ్గా ఇలాంటి బండినే చూశాను. చక్రం ఊడదీసేటప్పుడు డ్రైవర్ అన్నాడు: “డిస్కులు గూడ ఎయ్యాలన్నరన్నా, పైసల్లేక ఆగిన.” బయటి ప్యాడ్ ఇంకా నాలుగు మిల్లీమీటర్లు ఉంది. లోపలి ప్యాడ్‌లో మాత్రం పలక తప్ప ఏమీ మిగల్లేదు. డిస్కు లోపలి వైపంతా గోరు దిగేంత లోతు గీతలు. కారణం ప్యాడ్లను డిస్కుకు నొక్కే కాలిపర్ జారే పిన్ను. తుప్పు పట్టి బిగుసుకుపోవడంతో భారమంతా ఒక ప్యాడ్ మీదే పడింది. ఆ పిన్ను తీసి, తుడిచి, బ్రేకులకు వాడే సిలికాన్ గ్రీజు పూస్తే తీరిపోయే పని. చక్రం సందుల్లోంచి తొంగిచూస్తే కనిపించేది బయటి ప్యాడే, అందుకే ‘ఇంకా ఉందిలే’ అని మోసపోతాం. లోపలి ప్యాడ్ చూడకుండా ఎవరు భరోసా ఇచ్చినా నమ్మకండి.

డిస్కు ఉంచాలా, తీసేయాలా అన్నది కొలతతో తేలే విషయం. చాలా డిస్కుల అంచు మీదో, మధ్య టోపీ మీదో ‘మిన్ టీహెచ్’ అన్న అక్షరాల పక్కన ఒక అంకె పోతపోసి ఉంటుంది. అది ఆ డిస్కుకు ఉండాల్సిన కనీస మందం. కొత్తలో 20 మి.మీ. ఉన్న డిస్కు మీద 18 అని ఉండొచ్చు. మైక్రోమీటర్‌తో నాలుగైదు చోట్ల కొలిపించండి. వెర్నియర్ పెడితే దాని దవడలు అరగని అంచు మీద ఆనుకుని ఎక్కువ చూపిస్తాయి. కొలత అంకెకు పైన ఉండి, కొత్త ప్యాడ్ల జీవితమంతా అరిగినా కిందికి పోదనిపిస్తే, సన్నటి గీతలున్నా ఆ డిస్కు పనికొస్తుంది. ప్యాడ్ కొన్నాళ్లలో ఆ గీతలకు సర్దుకుంటుంది. మామూలు వాడకంలో ఒక డిస్కు రెండు మూడు సెట్ల ప్యాడ్లకు వస్తుంది. పగులు కనిపించినా, కాలి నీలం మచ్చలు పడినా, మందం తగ్గినా మాత్రం బేరం లేదు, మార్చాల్సిందే. అది కూడా జతగా. ఒక పక్క కొత్తది, ఇంకో పక్క పాతది ఉంటే బ్రేకు వేసినప్పుడు బండి ఒక వైపుకు లాగొచ్చు.

లేత్ మీద ఫేసింగ్ చేయిస్తే డిస్కు కొత్తదవుతుందన్న మాట మీద నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. అయినా ఒకటి ఒప్పుకోవాలి. మందం బాగా మిగిలి ఉండి, బ్రేకు వేస్తే స్టీరింగ్ వణుకుతుంటే ఫేసింగ్ పనిచేస్తుంది. ఆ వణుకును ‘డిస్కు వంగింది’ అంటారు గానీ, చాలాసార్లు అది డిస్కు మందం అన్ని చోట్లా ఒకేలా లేకపోవడం వల్ల, లేదా డిస్కు ఆనే హబ్ మీద పేరుకున్న తుప్పు వల్ల వచ్చేది. కాబట్టి ముందు హబ్ ముఖాన్ని వైరు బ్రష్‌తో శుభ్రం చేయించండి. ఫేసింగ్ అయ్యాక కూడా కొలత తీయించండి. చిన్న కారుకైతే లేత్ కూలీకి, కొత్త డిస్కు ధరకు తేడా ఎంతో ముందే అడగండి.

బ్రేకుల గురించి ఇలాగే వినిపించేవి ఇంకొన్ని ఉన్నాయి. చప్పుడుకు ప్యాడ్ మీద ఆయిల్ చుక్క వేయడం: ఆ ప్యాడ్ ఇక చెత్తబుట్టకే. వానాకాలం పొద్దున మొదటి బ్రేకుకు గరగర: రాత్రి పట్టిన తుప్పు, రెండు మూడు బ్రేకులకు పోతుంది. బ్రేక్ ఆయిల్ తగ్గితే పోస్తే చాలనుకోవడం: ప్యాడ్లు అరిగినా మట్టం తగ్గుతుంది, ముందు ప్యాడ్లు చూడండి, తర్వాత లీకు చూడండి. ఘాట్‌లో న్యూట్రల్‌లో దిగితే పెట్రోల్ మిగులుతుందన్నది వీటన్నిటికంటే ప్రమాదం. ఇప్పటి ఇంజన్లు గేరులో దిగేటప్పుడు ఇంధనాన్ని దాదాపు ఆపేస్తాయి, న్యూట్రల్‌లో ఇంజన్ తిరగడానికే ఖర్చవుతుంది. ఇంజన్ కట్టేస్తే బ్రేకు బూస్టర్ ఒకటి రెండు తొక్కుళ్లకే చేతులెత్తేస్తుంది.

డబ్బు తక్కువున్నప్పుడు దాన్ని ప్యాడ్ల మీద పెట్టండి. డబ్బా మీద తయారీదారు పేరు, బ్యాచ్ నంబరు లేని సరుకు ఎంత చౌకైనా వద్దు. చాలా ప్యాడ్ల మీద ఎఫ్‌ఎఫ్, జీజీ లాంటి జంట అక్షరాలుంటాయి. మొదటిది మామూలు వేడిలో పట్టుకు, రెండోది బాగా కాలినప్పటి పట్టుకు గుర్తు. రెండో అక్షరం ‘ఇ’కి దిగితే ఘాట్లలో తిరిగే బండికి తీసుకోకండి. రెండేళ్లు దాటిన బ్రేక్ ఆయిల్ కూడా అప్పుడే మార్పించండి. అది గాలిలోని తేమను పీలుస్తుంది. కొత్తలో 230 డిగ్రీల దాకా మరగని డాట్ 4 ఆయిల్, తేమ చేరాక 155 దగ్గరే మరగొచ్చు. అప్పుడు పెడల్ నేలకు దిగిపోతుంది.

షెడ్డు నుంచి బయటికొచ్చే ముందు, బండి కదలకముందే, పెడల్ గట్టిపడేదాకా నాలుగైదుసార్లు తొక్కండి. ఖాళీ రోడ్డు మీద 60 నుంచి 20కి, మధ్యమధ్య చల్లారనిస్తూ, పూర్తిగా ఆగకుండా ఓ ఇరవైసార్లు మెల్లగా వేగం తగ్గించండి. మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు గట్టి బ్రేకులు వద్దు. తిరుమలకో శ్రీశైలానికో వెళ్లాలనుకుంటే, ప్యాడ్లు అంతకు కనీసం వారం ముందే వేయించుకోండి.