మన భాషలో తిడితే శిక్ష పడదా?

“విదేశీ అంపైర్‌కి మన భాష రాదు, ఎంత తిట్టినా ఏమీ కాదు.” కుర్ర క్రికెటర్ల నోట ఈ మాట ఇంకా నలుగుతూనే ఉంది. వికెట్‌కీపింగ్ నేర్చుకునే పిల్లలు దీన్ని తెలివి అనుకుంటున్నారు. ఇంతకంటే తప్పుడు పాఠం లేదు.

2019 జనవరి, డర్బన్ వన్డే. పాకిస్తాన్ కెప్టెన్ సర్ఫరాజ్ అహ్మద్ వికెట్ల వెనక నుంచి దక్షిణాఫ్రికా బ్యాటర్ ఫెలుక్వాయోను ఒంటి రంగు ఎత్తి ఉర్దూలో ఓ మాటన్నాడు. ఫెలుక్వాయోకి అర్థం కాలేదు సరే, స్టంప్ మైక్ పట్టేసింది. టీవీ ముందున్న ఉర్దూ, హిందీ ప్రేక్షకులందరికీ అర్థమైంది. ఎవరికీ వినపడాలని అనలేదని సర్ఫరాజ్ చెప్పుకున్నాడు, క్షమాపణ కూడా అడిగాడు. అయినా ఐసీసీ నాలుగు మ్యాచ్‌ల నిషేధం వేసింది. బూతు ఏ భాషలో ఉన్నా నేరమేనని ఐసీసీ నియమావళిలోనే ఉంది. ఎవరూ చదవరు!

భారత స్పిన్నర్ హర్భజన్ సంగతేమిటంటారా? 2008 సిడ్నీ టెస్టులో ఆస్ట్రేలియా ఆటగాడు సైమండ్స్‌ను ‘మంకీ’ అన్నాడని మూడు టెస్టుల నిషేధం పడింది. తను అన్నది హిందీ తిట్టని హర్భజన్ వాదన. అప్పీలు విన్న న్యూజిలాండ్ న్యాయమూర్తి జాన్ హాన్సెన్ జాతి దూషణ రుజువు కాలేదని నిషేధం ఎత్తేశారు. అక్కడ భాష కొంత ఆదుకుందని ఒప్పుకోక తప్పదు. కానీ తిట్టినందుకు మ్యాచ్ ఫీజులో సగం పోయింది.

‘కాలూ’ (నల్లోడు) అంటే ముద్దుపేరే కదా అనేవాళ్లూ ఉన్నారు. సన్‌రైజర్స్ హైదరాబాద్‌కు ఆడిన రోజుల్లో తనను అలాగే పిలిచేవారని వెస్టిండీస్ ఆటగాడు డారెన్ సామీ 2020లో బయటపెట్టాడు. అర్థం తెలిశాక ఒళ్లు మండిందన్నాడు. ప్రేమతోనే అన్నామని ఒక సహచరుడు తర్వాత నచ్చజెప్పాడు. ఎంత ప్రేమైనా, అర్థం తెలియనివాడికి తగిలించిన పేరు అది.

ఇలా ప్రత్యర్థిని మాటలతో కవ్వించే స్లెడ్జింగ్ ఆస్ట్రేలియన్ల సొత్తన్నది అబద్ధం. దానివల్ల మ్యాచ్‌లు గెలుస్తారన్నదీ ఒట్టిమాటే: 2021లో అదే సిడ్నీలో భారత్ తరఫున ఆడుతున్న అశ్విన్‌ను కవ్వించిన ఆస్ట్రేలియా కీపర్ టిమ్ పైన్ కాసేపటికే అవతలి బ్యాటర్ విహారి క్యాచ్ జారవిడిచాడు, మ్యాచ్ డ్రా అయింది, మర్నాడు క్షమాపణ చెప్పాడు.

మన జిల్లా మ్యాచ్‌ల్లో అంపైర్ తెలుగువాడే, ప్రతి మాటా అర్థమవుతుంది. బౌలర్‌కి ఎత్తుగడ చెప్పడానికి, ఫీల్డర్లను హుషారు చేయడానికి తెలుగు ఎంతైనా వాడండి. బ్యాటర్ తల్లి, కులం, రంగు జోలికి పోయిన కుర్రాణ్ని మాత్రం అంపైర్ పిలవకముందే కోచ్ బయట కూర్చోబెట్టాలి.